మైనస్ మార్కులు

బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్షలో తప్పు జవాబుకు మార్కులు కోసే పద్ధతిని మైనస్ మార్కులు లేదా రుణాత్మక మార్కులు అంటారు. గుడ్డిగా బబుల్ నింపేవారికి ముకుతాడు వేయడమే దీని ఉద్దేశం.

నిజామాబాద్ జిల్లా వర్నిలో బైపీసీ చదివే విద్యార్థికి ఒకే వేసవిలో రెండు నియమాలు ఎదురవుతాయి. తెలంగాణ ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, మైనస్ లేదు. ఖాళీ వదలడం శుద్ధ దండగ. నీట్‌లో 180 ప్రశ్నలు, ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. 150 ఒప్పులు రాసి మిగతా 30 వదిలేస్తే 600 మార్కులు. ఆ 30 తప్పుగా పెడితే 570. తెలంగాణలో ఎంబీబీఎస్ కన్వీనర్ సీట్లు 2016 దాకా ఎంసెట్‌తో (ఈఏపీసెట్‌కు అప్పటి పేరు) భర్తీ అయ్యేవి. 2017లో నీట్ వచ్చాక, అన్నీ నింపి రమ్మనే పాత సలహా చెల్లలేదు.

అలాగని మరీ జడుసుకోవడమూ లెక్క ప్రకారం పొరపాటే. నీట్‌లో నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకొని ఒకటి పెట్టినా సగటున పావు మార్కు లాభం. రెండింటిని కచ్చితంగా కొట్టేయగలిగితే ఒకటిన్నర. సగటున మాత్రమే సుమా, పది ప్రశ్నల్లో అదృష్టం ఎటైనా తిరగొచ్చు. అసలు ఉచ్చు అరకొరగా తెలిసిన ప్రశ్న. అక్కడ నమ్మకంగా కనిపించే తప్పు ఆప్షనే చేతిని లాగుతుంది.

యూపీఎస్సీ ప్రిలిమ్స్‌లో కోత మూడో వంతు, కాబట్టి గుడ్డి ఊహ సగటు విలువ సున్నా. అమెరికాలోని శాట్ మాత్రం తన పావు మార్కు కోతను 2016లో ఎత్తేసింది.