ఆటగాని కూడు, జట్టు పేరు

కార్తికమున కారంపూడిలో వీరుల ఆయుధములకు పూజ జరుగును. బ్రహ్మనాయుడు కులభేదమెన్నక తన వీరులకు చాపకూడు పెట్టెనని ప్రసిద్ధి. పోరాడువానికి కూడెవరు పెట్టవలెనన్న ప్రశ్న ఇపుడు అమెరికా విశ్వవిద్యాలయముల ఫుట్‌బాల్‌లో రేగినది (వారి ఆట మన ఆట కాదు, బంతి చేతబట్టి పరుగెత్తుదురు). 2025 నుండి అక్కడి కళాశాలలు ఆటగాండ్రకు నేరుగా సొమ్మిచ్చుచున్నవి. 2024లో పసిఫిక్ తీరపు కూటమిని పన్నెండింట పది జట్లు విడిచిపోయినవి. ఆ తీరమందలి స్టాన్‌ఫర్డ్ అట్లాంటిక్ తీరపు కూటమిలో చేరినది!

మనకిది బొత్తిగా కొత్త గాదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు మార్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఆటకు జీతము పుచ్చుకొనుట అమెచ్యూరు మర్యాదకు విరుద్ధమైన నాళ్లవి. పోలీసు కొలువుతో ఆటగాని ఇల్లు గడిచెను. దీనిని మేము తప్పనము. ఆకలితో ఎవడు పరుగెత్తగలడు? అయితే కలకత్తా పిలుపును కొలువు ఆపలేకపోయినది. మెల్‌బోర్న్ ఒలింపిక్సున ఆడిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు తరలెను.

ఇంతలో ఎల్లలు మారినవి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినను, 1956-57, 1957-58 సంతోష్ ట్రోఫీలు హైదరాబాదు పేరనే వచ్చినవి. రంజీ క్రికెట్టులో ఆంధ్ర, హైదరాబాదు జట్లు నేటికిని వేరే. ఫుట్‌బాల్‌లో పేరు నిలువలేదు. 1960లో పోలీసువారు మరల రోవర్స్ కప్పు గెలిచినపుడు ఆ జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసు.