శిఖం భూమిలో ఇల్లు

హుస్సేన్‌సాగరము హైదరాబాదు నగరముకంటె వయస్సున పెద్దది. 1591లో నగరమునకు పునాది పడుటకు సుమారు మూడు దశాబ్దులు ముందుగనే, గోలకొండ సుల్తాను ఇబ్రాహీం కుతుబ్‌షా పాలనలో, హుస్సేన్ షా వలీ పూనికతో, మూసీజలములు బల్కాపూర్ కాలువగుండ చేరునట్లు ఆ తటాకము నిర్మింపబడెను. కట్ట తూర్పున నున్నది. నీరు వచ్చునది పడమటినుండి. అమీర్‌పేట, పంజగుట్టలు ఆ నీటి నడకదారిలో వెలసిన పేటలని తెలిసికొననిదే ఇచ్చట ఇల్లు కొనుట యనునదాని చరిత్ర బోధపడదు.

‘పైగా’ యను ప్రభువంశమునకు చెందిన అమీరె కబీరు పేర వెలసిన అమీర్‌పేటయు, పొరుగున నున్న బేగంపేట, సోమాజీగూడలును ఒకప్పుడు ప్రభువుల తోటలకును దేవిడీలకును నెలవులు. విశాలమైన తోట నడుమ ఒక భవనము నిలుచుటచే వాననీటికి ఇంకుటకును పాఱుటకును చోటు మిగిలెడిది. ఈ నేలకు నీటితో గల చుట్టరికమును చూడగోరువారు బల్కంపేట యెల్లమ్మ గుడికి పోవలయును. అచ్చట అమ్మవారు నేలమట్టమునకు సుమారు పదియడుగుల దిగువన, బావిలో శయనించియున్నది. ఆ బావినీరే భక్తులకు తీర్థము.

తోటలు ప్లాట్లయినవి, ప్లాట్లు అపార్టుమెంట్లయినవి. కూకట్‌పల్లి, బంజారా, బల్కాపూర్, పికెట్ నాలాలు మాత్రము సాగరమునకే పోవుచున్నవి. 2000 ఆగస్టులో ఒక్కదినమున బేగంపేట వాతావరణ కేంద్రమున 24 సెంటీమీటర్ల వాన నమోదుకాగా, కూకట్‌పల్లి నాలా పొంగి, దాని యొడ్డునున్న యిండ్లలోనికి ప్రవేశించెను.

కొనువానిని ముంచునది వఱదకంటె ముందు శిఖం భూమి. చెరువు నిండినపుడు మునిగి, నీరు తీసినపుడు బయటపడు ఆ నేలలో కొంత సర్కారుది, కొంత పట్టాది. పట్టాదారు నీరు తగ్గిన పిదప ఆ యొండ్రులో పైరు వేసికొనవచ్చును గాని, మట్టి పోసి మెఱక చేయరాదు, గోడ కట్టరాదు. పట్టా నిజమే, దస్తావేజు నిజమే, రిజిస్ట్రేషను నిజమే. అయినను ఇల్లు కట్టు హక్కు అందు లేదు. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును, బ్యాంకు అప్పును కలిపి కొన్న గృహస్థునకు ఈ భేదమును అమ్మువాడు చెప్పడు. చెరువు పూర్తిగా నిండినపుడు నీరు నిలుచు హద్దగు ఎఫ్‌టీఎల్ గీతకు ఆవల సైతము, పది హెక్టార్లు మొదలు ఆపైబడిన చెరువునకు 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు బఫరుగా విడువవలయునని 2012 నాటి గృహనిర్మాణ నియమములు విధించినవి.

2024 జూలైలో ఏర్పడిన హైడ్రా అను ప్రభుత్వ సంస్థ, చెరువులలోని కట్టడములను కూల్చ నారంభించినపుడు, అనుమతులున్నవని నమ్మి కొన్నవారును వీధిని పడిరి. ఎట్లనగా, చెరువు హద్దునకు ప్రాథమిక నోటిఫికేషను, తుది నోటిఫికేషను అని రెండు మెట్లు కలవు. పెక్కు చెరువులు మొదటి మెట్టుననే యేండ్లతరబడి ఆగిపోయినవి. ఆ యెడమున అమ్మకములు జరిగినవి, రుణములు మంజూరైనవి, గృహప్రవేశములు సైతము జరిగినవి.