డేరాలో పుట్టిన దెయ్యం

హాలీవుడ్‌లో ‘డ్రాక్యులా’ తీసిన టాడ్ బ్రౌనింగ్ కుర్రతనంలో ఇల్లొదిలి తిరునాళ్ళ బృందాల వెంట పోయినవాడు. అక్కడ ఆయన చేసిన వేషాల్లో ఒకటి బతికుండగానే సమాధి కావడం. పెట్టెలో పెట్టి మట్టి కప్పేవారు, తర్వాత పైకి తీసేవారు, జనం డబ్బులిచ్చి చూసేవారు. అలాంటివాడు 1931లో డ్రాక్యులా వేషం వేసిన బేలా లుగోసీని శవపేటికలోంచి లేపాడంటే వింతేముంది? పాత పనే, ఈసారి కెమెరా ముందు.

దెయ్యం సినిమా చరిత్ర రాసేవాళ్ళు మామూలుగా జర్మనీ నుంచి ఎత్తుకుంటారు. 1922లో మూర్నౌ తీసిన ‘నోస్ఫెరాటు’, ఆ గోడ మీది నీడ. బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’ నవలకి హక్కులు కొనకుండా తీశారని కోర్టు ప్రింట్లన్నీ నాశనం చెయ్యమంది. ఎక్కడో కొన్ని మిగలబట్టి ఇవాళ చూడగలుగుతున్నాం. గొప్ప సినిమాయే, కాదనను. కానీ నా లెక్కలో ఈ వంశానికి మూలపురుషుడు తిరునాళ్ళలో టికెట్లు తెంచినవాడే. మన తెలుగు దెయ్యానిదీ అదే గోత్రం.

‘జగన్మోహిని’ తీసిన బి. విఠలాచార్య ఉడుపి దగ్గర ఉద్యావరలో పుట్టాడు. సినిమాలు తియ్యకముందు హాసన్ జిల్లాలో టూరింగ్ టాకీసులు నడిపాడు. అంటే తెర మీద బొమ్మ కన్నా ముందు బొమ్మ చూసే మొహాలు చూశాడు. ఏ రీలుకి జనం బీడీ ముట్టించుకోడానికి లేస్తారో, ఏ రీలుకి పిల్లలు తల్లి కొంగులో దూరతారో ఆయనకి చదువుకోకుండానే వచ్చిన పాఠం.

ఆ టూరింగ్ టాకీసు డేరా ఎలా ఉండేదో మా నెల్లూరు జిల్లా ముత్తుకూరు చుట్టుపక్కల ఊళ్ళలో పెద్దవాళ్ళని కదిలిస్తే ఇప్పటికీ చెప్తారు. ఘంటసాల ‘నమో వెంకటేశ’ రికార్డు పెట్టారంటే ఆట మొదలవబోతుందని గుర్తు. నేల టికెట్టు వాళ్ళు ఇసుకని కుప్పగా ఎగదోసుకుని దాని మీద కూర్చుంటే, వెనకున్నవాడు “ఏందబ్బయ్యా, నీ తలకాయ తియ్” అనేవాడు. ఉన్నది ఒకటే ప్రొజెక్టరు. రీలు అయిపోగానే దీపాలు వెలిగేవి, సోడాల వాడూ శెనక్కాయల వాడూ లోపలికి దిగేవాళ్ళు. దానికి తోడు మా సముద్రపు గాలి. డేరా గుడ్డ టపటపా కొట్టుకుంటూనే ఉండేది.

ఆ రొదలో నిశ్శబ్దంతో భయపెట్టడం ఎవడి తరం? విఠలాచార్య అందుకే అన్నీ చూపించాడు. 1978 నాటి ‘జగన్మోహిని’లో దెయ్యం కట్టెలు లేకపోతే తన కాళ్ళే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. ఎంత దూరం నుంచి చూసినా, ఎంత గోలలో చూసినా ఆ బొమ్మ అర్థమవుతుంది. రీలుకో వింత పెడితే దీపాలు వెలిగి ఆరినా కథ తెగదు. ఆయన సినిమాల్ని చౌకబారు అని కొట్టిపారేసేవాళ్ళు ఈ లెక్క చూడరు. డేట్లు ఇవ్వని నటుడి పాత్రని ముని శాపంతో చిలకనో మేకనో చేసేసి షూటింగు కానిచ్చేవాడని మద్రాసులో కథలుగా చెప్పుకునేవారు. నిజమెంతో గానీ, ఆయన పొదుపు మాత్రం పరిశ్రమంతా ఎరిగిందే.

పొదుపు అంటే హాలీవుడ్‌లో నిర్మాత వాల్ ల్యూటన్ గుర్తొస్తాడు నాకు. ఆర్కేవో స్టూడియో ఆయనకి పెట్టిన షరతులు మూడు: సినిమాకి 1,50,000 డాలర్లు దాటకూడదు, 75 నిమిషాలు మించకూడదు, పేరు మేమే పెడతాం. 1942లో ‘క్యాట్ పీపుల్’ అని పేరిచ్చి తియ్యమన్నారు. పులి వేషాలకి డబ్బుల్లేవు. ఆర్సన్ వెల్స్ సినిమాకి వేసిన మెట్ల సెట్టు ఖాళీగా ఉంటే దాన్నే వాడుకున్నారు. దర్శకుడు జాక్ టూర్నర్. ఒకామె రాత్రి పార్కు పక్క రోడ్డున నడుస్తూ ఉంటుంది. వెనక ఇంకో ఆడమనిషి చెప్పుల చప్పుడు. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోతుంది. ముందున్నామె అడుగుల వేగం పెరుగుతుంది. మనం పులి గాండ్రింపు కోసం చెవులు రిక్కించి ఉండగా బుస్సుమని బస్సొచ్చి ఆగుతుంది. ఏమీ జరగదు. పాత హాలీవుడ్ భయం సినిమాల్లో నాకు అన్నిటికన్నా మిన్న ఈ నిమిషమే. డబ్బుల్లేక ల్యూటన్ దాచాడు, డబ్బుల్లేకే విఠలాచార్య చూపించాడు. తలుపులేసిన చీకటి హాలుకీ ఇసుకలో వేసిన డేరాకీ ఉన్న తేడా అది.

‘డ్రాక్యులా’ మాటకొస్తే, అదే సెట్లలో రాత్రిళ్ళు ఇంకో బృందం స్పానిష్‌లో అదే కథ తీసింది. మద్రాసు స్టూడియోల్లో ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తెలుగులోనూ తమిళంలోనూ తయారైన పద్ధతి మనకి తెలిసిందే కాబట్టి ఇది వింతనిపించదు. స్పానిష్ దాంట్లో కెమెరా చురుగ్గా కదులుతుంది, నిజమే. అయినా లుగోసీ చూపు లేని డ్రాక్యులా నాకు ఉప్పు లేని చేపల పులుసే. ఉప్పంటే ఇంకో ముచ్చట. అదే ఏడాది ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో భూతం వేసిన బోరిస్ కార్లాఫ్ తండ్రి బ్రిటిష్ ఇండియాలో ఉప్పు సుంకాల శాఖ ఉద్యోగి. ఉప్పు కొఠార్ల తీరం వాళ్ళం కదా, ఆ భూతంతో మాకు కొంచెం చుట్టరికం ఉన్నట్టే.

అసలు చుట్టరికం కావాలంటే సొంత జిల్లాలోనే ఉంది. జానపదాల్లో కత్తి పట్టి పళ్ళు కొరికిన రాజనాల కావలి వాడు. ‘మాయాబజార్’లో చిన్నమయ్యగా మాయలు చేసిన రమణారెడ్డి కూడా మా జిల్లా మనిషే. ఆయన తెర బయట కూడా ఇంద్రజాల ప్రదర్శనలు ఇచ్చేవాడు.

మధ్యలో హిందీ దారిన ఇంకో రకం దెయ్యం వచ్చింది. తెల్లచీర, పొగమంచు, దూరాన పాట, చివర్లో ఇదంతా ఆస్తి కోసం ఎవరో ఆడించిన నాటకమని తేలడం. ‘వో కౌన్ థీ’ని జగ్గయ్య, జయలలితలతో 1966లో ‘ఆమె ఎవరు?’గా తీశారు. పాటల వరకు బాగుంటుంది గానీ, ఆఖరున దెయ్యం లేదని చెప్పే సినిమా నాకు టికెట్టు డబ్బులు ఎగ్గొట్టినట్టే ఉంటుంది.

ఆ తర్వాత భయం తెర దిగి వారపత్రికకెక్కింది. ‘ఆంధ్రభూమి’లో యండమూరి ‘తులసిదళం’ సీరియల్ వచ్చిన రోజుల్లో ఇంట్లో ఒకరు పైకి చదివితే నలుగురు వినేవాళ్ళు. 1973లో ఫ్రీడ్‌కిన్ తీసిన ‘ఎక్సార్సిస్ట్’ చూసినవాళ్ళకి ఈ సీరియల్లోని పసిపిల్ల బాధలో పోలిక కనబడుతుంది. కానీ పాదిరీ స్థానంలో ఇక్కడ చేతబడి వచ్చింది. దెయ్యం కోట దిగి మధ్యతరగతి ఇంట్లో అడుగుపెట్టింది ఆ సీరియల్‌తోనే అంటాను.

అలా ఇంట్లోకి వచ్చిన దెయ్యాన్ని తెర మీదికి తెచ్చినవాడు రామ్‌గోపాల్ వర్మ. ఆయనా టికెట్టు గుమ్మం దగ్గర నిలబడినవాడే, కాకపోతే కాలం మారి టూరింగ్ టాకీసు బదులు హైదరాబాదు వీడియో షాపు. ఏ క్యాసెట్టు అరిగిపోతోందో, ఎవరు ఏది మళ్ళీ అడుగుతున్నారో కౌంటరు వెనక నుంచి చూశాడు. 1992లో ‘రాత్రి’ తీశాడు, హిందీలో ‘రాత్’. మొదటి దృశ్యమే పట్టపగలు: నిర్మానుష్యమైన వీధిలో రేవతి ఒంటరిగా నడుస్తుంది. ఎండలో భయపెట్టొచ్చని మన వాళ్ళకి అప్పటిదాకా తోచలేదు. సినిమాలో పెద్ద భూతమేమీ ఉండదు. ఓ కొత్త ఇల్లు, కింద నేలమాళిగ, ఓ పిల్లి. ల్యూటన్ పద్ధతి తెలుగులోకి వచ్చింది ఇక్కడే. తలుపులేసుకుని టీవీ ముందు క్యాసెట్టు చూసే అలవాటు వచ్చాకే రాగలిగింది. 1996 ‘దెయ్యం’ అంతకన్నా మోటుగా ఉంటుంది. నాకు ‘రాత్రే’ ఇష్టం.

2008లో మా తీరాన కృష్ణపట్నం రేవు మొదలైంది. ఆ తర్వాత నేలటూరు థర్మల్ కేంద్రం. రొయ్యల గుంటల మీద దీపాలు సరేసరి. ముత్తుకూరు రాత్రికి చీకటే కరువైంది. రేవు మొదలైన మరుసటి సంక్రాంతికి, 2009లో, ‘అరుంధతి’ వచ్చింది. నిర్మాత శ్యామ్‌ప్రసాద్‌రెడ్డి తండ్రి మల్లెమాల మా నెల్లూరు జిల్లా వాడే. కోడి రామకృష్ణ దర్శకత్వం, బనగానపల్లె బంగళా, సోనూసూద్ ఒళ్ళు, రవిశంకర్ గొంతు. గ్రాఫిక్స్ తీసేస్తే లోపల ఉన్నది విఠలాచార్య డేరాయే: మంత్రగాడు, సమాధి, పునర్జన్మ, రీలుకో వింత. అందుకే అంత ఆడింది.

ఇప్పుడు 2013 ‘ప్రేమకథా చిత్రమ్’ దగ్గర్నుంచి దెయ్యం పక్కన హాస్యనటుడు తప్పనిసరి అయ్యాడు. దెయ్యం పరువు పోయిందని బాధపడే మిత్రులున్నారు. నేను పడను. పొయ్యిలో కాళ్ళు పెట్టినప్పుడు జనం భయపడుతూనే నవ్వారు. నాకు ఒళ్ళుమండేది స్పీకర్ల మోతకి. పది నిమిషాలకోసారి అద్దంలో మొహం, ఢామ్మని చప్పుడు. ల్యూటన్ తన సినిమా మొత్తానికి ఒక్క బస్సే ఆపాడు. ఈ మధ్య వచ్చిన వాటిలో 2022 నాటి ‘మసూద’ కొంత నయం. పక్క ఫ్లాటులో ఉండే తల్లీకూతుళ్ళ కథని మొదటి గంట తొందరపడకుండా నడిపారు. రెండో సగంలో వాళ్ళూ వాల్యూమ్ పెంచేశారు.