అనంతగిరికి పోయే బండి

గడ్డపోతారంలో రైలు స్టేషను లేదు. కొండ మొదలే లేదు. ఉన్నవి రసాయన కర్మాగారములు, మందులకు కావలసిన మూలపదార్థములను తయారుచేసే యంత్రశాలలు, వాటిలో పనికోసము నలుదిక్కులనుండి వచ్చి చిన్న చిన్న గదులలో అద్దెకున్న జనము. వారములో ఒక్కరోజు సెలవు. ఆ సెలవును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము హక్కుగా ఇచ్చినది. కాని రాత్రింబవళ్ళు ఆగకుండా నడిచే కార్ఖానాలో అందరికీ ఆదివారమే కుదరదు. ఒకరికి మంగళవారమైతే మరొకరికి గురువారము. ఆ రోజు ఏదైనా సరే, ఉదయమే రోడ్డుదారిన లింగంపల్లి చేరి పడమటికి పోయే బండి ఎక్కినవారు ఎండ ముదరకముందే వికారాబాదులో దిగవచ్చును. అక్కడికి అయిదారు కిలోమీటర్ల దూరములో అనంతగిరి. సాయంత్రపు బండికి వెనుకకు.

ఎందుకు పోతారని అడిగితే ఎవరైనా చెప్పే మాట ఒకటే: గాలి మార్పుకు. ఈ గాలి మార్పు అనే మాట చూడడానికి చిన్నది. దాని వెనుక నూరేండ్ల వైద్యచరిత్ర ఉన్నది, ఒక రైలుదారి చరిత్ర ఉన్నది. ఆ రెండూ తిరిగి తిరిగి గడ్డపోతారం వాకిటికే వచ్చి చేరినవి.

దారి కథ ముందు చెప్పుకొందాము. దీనిని కొండకోసము వేయలేదు. 1871 నాటికి బొంబాయినీ మద్రాసునూ కలిపే ఇనుపదారి పూర్తి అయినది. అది నిజాం రాజ్యపు పడమటి భాగములో వాడి మీదుగా పోయినది. సికింద్రాబాదులో ఇంగ్లీషువారి పెద్ద దండు ఉండెను. సికింద్రాబాదును వాడితో కలిపితే సైన్యమును, సరంజామాను కావలసినప్పుడు తెప్పించుకోవచ్చునని వారి ఎత్తు. ఖర్చు మాత్రము నిజాం ప్రభుత్వము నెత్తిన పడినది. మొదటి సాలార్‌జంగు దివానుగిరీలో, 1874లో, వాడి నుండి సికింద్రాబాదుకు బండి నడిచినది. నూరు మైళ్ళకు పైబడిన దారి అది.

తరువాత 1883లో ఈ దారిని ఒక కంపెనీకి అప్పగించే ఒప్పందము కుదిరినది. కంపెనీ పెట్టుబడిమీద నూటికి అయిదు చొప్పున ఇరువది ఏండ్లపాటు వడ్డీకి నిజాం ఖజానా హామీ. అందుకే దానికి గ్యారంటీడు స్టేటు రైల్వే అని పేరు. లాభమువస్తే కంపెనీది, రాకుంటే రైతు కట్టిన శిస్తుది అన్నమాట. దారిని చాందావరకు పొడిగించే ఆ పథకము షరతులను జనము ముందు పెట్టి చర్చించవలెనని అడిగినవారిలో అఘోరనాథ చట్టోపాధ్యాయ ఒకరు. ఎడింబరో విశ్వవిద్యాలయములో డాక్టరు పట్టము పొందిన రసాయన శాస్త్రజ్ఞుడాయన, సరోజినీనాయుడు తండ్రి. లెక్క అడిగినందుకు ఆయనను అదే ఏట హైదరాబాదు విడిచి పొమ్మన్నారు. ఈనాడు ఆ దారిమీద కిటికీ పక్క సీటుకోసము తొందరపడేవారికి ఈ సంగతి ఒకసారి చెప్పవలసినదే.

ఇట్లా ఒకరి పనికి వేసిన దారి మరొకరి వినోదమునకు అక్కరకు రావడము మన దేశములో మామూలే. విశాఖపట్టణమునుండి అరకులోయకు పోయే బండి సంగతీ ఇదే. 1960లలో ఆ దారిని వేసినది బైలాడిల్లా ఇనుపరాతిని రేవుకు దింపి జపానుకు పంపడానికి. యాభైకి పైగా సొరంగాలు దొలిచి, షిమిలిగూడ దగ్గర 996 మీటర్ల ఎత్తువరకు దారి ఎక్కించినారు. ఇనుపరాయి క్రిందికి దిగుతున్నది, పట్నపు జనము పైకి ఎక్కుతున్నారు. వినోదముకోసమే రైలులో ఒక్కపూట పోయివచ్చే ఏర్పాటు ఇంగ్లండులో ముందే ప్రబలినది. 1841 జూలై 5న థామస్ కుక్ అనే మద్యపాన నిషేధ ప్రచారకుడు లెస్టరునుండి లఫ్‌బరోకు, తలకు ఒక షిల్లింగు చొప్పున, సుమారు 500 మందిని సభకు తీసుకొనిపోయి సాయంత్రానికి దిగబెట్టినాడు. తాగుడు మాన్పించబోయి యాత్రల వ్యాపారమునకు పునాది వేసినాడు. మనవైపు అట్టి పనిని జాతర చేసినది. అనంతగిరిమీది అనంతపద్మనాభస్వామి ఆలయానికి కార్తికములో పెద్ద జాతర. ఎడ్లబండిమీద రోజులు పట్టే ప్రయాణము రైలు వచ్చిన తరువాత పూటలోనికి కుదించుకొన్నది.

కిటికీలోనుండి చూచేవారికి ఈ దారి ఒక భూగర్భ శాస్త్ర పాఠము. లింగంపల్లి చుట్టుపట్ల ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుండే గుండ్లు గ్రానైటువి. వాటి వయస్సు సుమారు 250 కోట్ల ఏండ్లు. నాగులపల్లి, శంకరపల్లి దాటి పోయినకొద్దీ గుండ్లు తగ్గి, నేల నల్లబడును. ఇది దక్కను లావా మేట. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట నేల చీలికలనుండి పొంగి పరచుకొన్న లావా గడ్డకట్టి నల్లరాయి అయినది; ఆ రాయి చివికి రేగడి అయినది. వికారాబాదు దగ్గర మళ్ళీ రంగు మారును. గుట్టలమీద ఎర్రని, తొఱ్ఱలు తొఱ్ఱలుగా ఉండే రాయి కనబడును. అదే లాటరైటు. వానలు వేడిమితో కలిసి లక్షల ఏండ్లు కడిగితే నల్లరాతిలోని కరిగే పదార్థాలు కొట్టుకొనిపోయి ఇనుము, అల్యూమినియము మిగిలినవి. ఇనుము తుప్పుపట్టి ఎర్రబడినది. తవ్వినప్పుడు మెత్తగా ఉండి గాలికి ఆరితే గట్టిపడుతుంది గనుక మలబారులో దీనిని ఇటుకలుగా కోస్తారు. అది చూచే 1807లో బుకానన్ అనే వైద్యుడు లాటిను భాషలో ఇటుక అనే మాటనుండి ఈ పేరు పెట్టినాడు. తొఱ్ఱలున్న ఈ రాయి వాననీటిని స్పంజిలాగా పీల్చి, అడుగున గట్టి నల్లరాయి తగిలినచోట ఊటగా విడిచిపెట్టును. అనంతగిరిలో మూసీ పుట్టుటకు ఇదొక కారణము. కాగ్నా నది కూడ ఈ కొండలలోనే పుట్టినది. మూసీ తూర్పునకు పోయి హైదరాబాదు నడుమగా పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలియును. కాగ్నా పడమటికి పోయి భీమలో కలిసి, ఆ భీమతోపాటు కృష్ణనే చేరును. ఒక ఇంట పుట్టి చెరొక దిక్కు మెట్టిన అప్పచెల్లెండ్రు మళ్ళీ ఒక ఏట కలిసినారు. 1908 సెప్టెంబరులో పట్నమును ముంచి వేలమందిని పొట్టన పెట్టుకొన్న మూసీ ఇక్కడ అడుగు వేస్తే దాటే పిల్లకాలువ.

ఇక గాలి సంగతి. కొండగాలి క్షయను మాన్పునని యూరపులో గట్టిగా నమ్మినది 19వ శతాబ్దములో. హెర్మన్ బ్రెమర్ అనే జర్మను వైద్యుడు 1850లలో సైలీషియా కొండలమీద గ్యోర్బర్స్‌డోర్ఫులో మొదటి క్షయ ఆరోగ్యశాల పెట్టినాడు. ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ, అందుచేత గుండె బలముగా కొట్టుకొని ఊపిరితిత్తులకు మేలగునని ఆయన సిద్ధాంతము. 1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొనగానే ఆ సిద్ధాంతము కూలవలసినది, కూలలేదు. ఎందుకంటే క్రిమి తెలిసినా దానిని చంపే మందు లేదు. విశ్రాంతి, మంచి తిండి, గాలి వెలుతురు తప్ప వైద్యుని చేతిలో మరేమీ లేదు. మన దేశములోను 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరము వెలిసినది. నిజాం పాలన చివరి దశలో అనంతగిరి అడవి నడుమ క్షయరోగులకు శానిటోరియం ఏర్పడినది. హైదరాబాదునుండి రోగులు పోయే దారి ఈ రైలే. అప్పటివారికి వికారాబాదు అంటే వనభోజనములు గుర్తుకు రావు; ఇంట్లో ఎవరి గిన్నె, ఎవరి గ్లాసు వేరుగా పెట్టినారో అది గుర్తుకు వచ్చును. కొందరు నెలలకు తిరిగివచ్చినారు, కొందరు రాలేదు.

1943లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చినవి. అయినా కొండ లేకుండా మందు ఒక్కటే చాలునా అన్న సందేహము మిగిలియుండెను. ఆ సందేహమును తీర్చినది మద్రాసు. 1956లో అక్కడ ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు పేద రోగులను రెండు పాళ్ళుగా చేసి, సగముమందిని ఆసుపత్రిలో పడుకోబెట్టి, సగముమందిని వారి వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచి, ఇద్దరికీ ఒకే మందు ఏడాదిపాటు ఇచ్చినారు. 1959లో ఫలితము వెలువడినది. మంచి తిండి, మంచి గాలి, పూర్తి విశ్రాంతి దొరికినవారికీ, పూరింట్లో ఉండి పనిపాటులు చేసుకొన్నవారికీ రోగము కుదిరిన తీరులో చెప్పుకోదగిన తేడా లేదు. ఇంట్లోనివారికి అంటుకొనడములోను తేడా లేదు. మందు మానకుండా మింగడమే ముఖ్యము. ఆ తరువాత ప్రపంచమంతటా శానిటోరియములకు పని తగ్గినది. మదరాసీ మురికివాడల రోగులు పెద్ద పెద్ద దేశాల వైద్యులకు నేర్పిన పాఠమిది. మన పాఠ్యపుస్తకములలో దీనికి ఇంకా తగిన చోటు రాలేదని నా అభిప్రాయము.

కొండను ఖాళీ చేయించిన ఆ మందులను, వాటి తోబుట్టువులను చౌకగా తయారుచేయడము ఒక పరిశ్రమ అయినది. 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ ఔషధ సంస్థ, ఐ.డి.పి.ఎల్., హైదరాబాదు బాలానగరులో సంశ్లేషిత ఔషధ కర్మాగారము పెట్టినది. అక్కడ పని నేర్చిన రసాయన శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు బయటికి వచ్చి సొంత యూనిట్లు పెట్టుకొన్నారు. పటాన్‌చెరువు, బొల్లారము, కాజీపల్లి, గడ్డపోతారం ఆ విధముగా మందుల నేల అయినవి. మందు తయారయినప్పుడు మిగిలే మడ్డి నీరు చెరువులకు, నక్కవాగుకు, దానినుండి మంజీరకు పోయినది. ఈ ప్రాంతపు కాలుష్యము 1990లో సుప్రీంకోర్టుకు ఎక్కినది. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు పటాన్‌చెరువులో సుమారు 90 మందుల సంస్థల వ్యర్థజలమును శుద్ధిచేసే కేంద్రమునుండి బయటికి వదలిన నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని ప్రకటించినారు. ఆ మందు మింగిన రోగి రక్తములో ఉండేదానికంటె ఇది ఎక్కువ. అట్టి నీటిలో బ్రతికి బట్టకట్టిన క్రిములు మందుకు లొంగని క్రిములు. క్షయలోనూ ఈనాటి పెద్ద భయము మందుకు లొంగని క్రిమియే.

కనుక గడ్డపోతారం కార్మికుడు గాలి మార్పు అన్నప్పుడు ఆ మాటకు అర్థమున్నది. రాత్రివేళ ఘాటు వాసన ఎక్కువగా తెలియుటకు భౌతిక కారణము కూడ ఉన్నది. పగలు ఎండకు కాగిన నేల గాలిని వేడెక్కించి పైకి పంపును. పొగ దానితో పోవును. రాత్రి నేల చల్లబడి దానినంటిన గాలి బరువెక్కి క్రిందనే నిలుచును, పైపొర వెచ్చగా ఉండి మూతలాగా పనిచేయును. చలికాలములో, గాలి కదలని రాత్రులలో, మూత మరింత బిగుసును.

మరి అనంతగిరిలో దొరికేదేమిటి? ఎత్తువలన చల్లదనము అంటారు గాని లెక్క వేసి చూడండి. సగటున వెయ్యి మీటర్లకు ఆరున్నర సెంటీగ్రేడు డిగ్రీలు తగ్గును. ఉదకమండలము కోయంబత్తూరుకంటె సుమారు 1800 మీటర్లు ఎత్తు. పన్నెండు డిగ్రీలు తగ్గవలెను, తగ్గుచున్నది. అనంతగిరి మన పట్నముకంటె రమారమి 150 మీటర్లు మాత్రమే ఎత్తు. లెక్క ప్రకారము ఒక్క డిగ్రీ. నీలగిరి బండి పన్నెండు అడుగులకు ఒక అడుగు ఎక్కడానికి పళ్ళచక్రము కావలసివచ్చినది. మన బండి సికింద్రాబాదునుండి వికారాబాదుకు సగటున ఏడువందల అడుగులకు ఒక అడుగు ఎక్కును, ప్రయాణికునికి ఎక్కుచున్నట్టే తెలియదు.

అయితే మిగిలిన చల్లదనమంతా ఎక్కడిది? చెట్టుది. ఆకులనుండి ఒక గ్రాము నీరు ఆవిరి అగుటకు సుమారు 580 క్యాలరీల వేడి ఖర్చగును. ఒక పెద్దచెట్టు పగటిపూట వంద లీటర్ల నీరు ఆవిరి చేసినదనుకొందాము. అది చుట్టుపట్లనుండి లాగిన వేడి, ఒక కిలోవాటు విద్యుత్ పొయ్యి అరవైఏడు గంటలు మండితే వచ్చే వేడికి సమానము. ఇది తెలిస్తే ఎప్పుడు పోవలెనో కూడ తెలియును. వేసవిలో చల్లదనముకోసము పోతారు చాలమంది. ఇది ఆకురాల్చే అడవి. ఏప్రిల్లో టేకు మోడై నిలుచును, ఆవిరి అగుటకు ఆకే లేదు. శ్రావణమునుండి మార్గశిరమువరకు పోయినవారికి ఆకు ఉండును, ఊట ఉండును, మూసీ కనబడును.

1950లో ఈ దారి కేంద్రప్రభుత్వము చేతికి వచ్చినది. 1966నుండి దక్షిణమధ్య రైల్వేది. 2003లో లింగంపల్లికి నగరపు లోకల్ బండ్లు వచ్చినవి. లింగంపల్లినుండి గడ్డపోతారానికి మాత్రము ఇప్పటికీ రోడ్డే గతి. అందుచేత కొండ దిగేవారు పొద్దు వాలకముందే గడియారము చూచుకొంటారు. బండి ఆలస్యమైతే లింగంపల్లిలో చీకటిపడును, ఆ తరువాత బస్సుకోసము నిలుచోవలెను, రాత్రి షిఫ్టుకు ఎక్కవలసినవాడికి అన్నము తినే వ్యవధి ఉండదు. వికారాబాదు ప్లాట్‌ఫారముమీదనే సీతాఫలాలు కొనుక్కొని సంచిలో వేసుకొంటారు.