చుక్కలు వద్దన్న కానో

1996లో నైజీరియా ఉత్తర ప్రాంతాన్ని మెనింజైటిస్ కుదిపేసింది. లక్షమందికి పైగా జబ్బుపడ్డారు, వేలమంది చనిపోయారు. ఆ కల్లోలంలో కానో నగరంలోని అంటువ్యాధుల ఆసుపత్రికి ఫైజర్ సంస్థ ట్రోవాన్ అనే కొత్త మందు తెచ్చి, సుమారు 200 మంది పిల్లలపై పరీక్ష జరిపింది. సగంమందికి ఆ మందు, మిగతావారికి అప్పటికే వాడుకలో ఉన్న మందు. 11 మంది పిల్లలు చనిపోయారు. అది ప్రయోగమని తమకు చెప్పనేలేదంటూ కుటుంబాలు కోర్టుకెక్కాయి. చావులకు కారణం జబ్బేనని సంస్థ వాదించింది. 2009లో కానో రాష్ట్రంతో 7.5 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది.

ఆ గాయం పచ్చిగా ఉండగానే, 2003లో పోలియో చుక్కలు మళ్లీ కానో గడప తొక్కాయి.

చుక్కల్లో సంతానం కలగకుండా చేసే మందు కలిపారని పుకారు లేచింది. హెచ్‌ఐవీ ఉందని మరొకటి. ఇరాక్ యుద్ధం సాగుతున్న రోజులవి, పడమటి దేశాలు ఏమిచ్చినా అనుమానమే. ఆ అనుమానం చదువురాని వాళ్లకే పరిమితం కాలేదు. దాన్ని బలంగా వినిపించిన నైజీరియా షరియా మండలి అధ్యక్షుడు ఇబ్రహీం దత్తి అహ్మద్ స్వయానా డాక్టరు. తల్లులు అడిగిన ప్రశ్న ఇంకా సూటిది: మలేరియాకి మందు దొరకని ఊళ్లో, ఎవరూ అడగని చుక్కలు మాత్రం ఇంటికొచ్చి ఉచితంగా ఎందుకు వేస్తున్నారు? దీన్ని మూఢత్వమని కొట్టిపారేయడం అన్యాయం.

కానోలో దాదాపు 11 నెలలు చుక్కలు ఆగిపోయాయి. చివరికి ముస్లిం దేశమైన ఇండోనేషియాలో తయారైన టీకా తెప్పించారు. 2004 జులైలో గవర్నర్ ఇబ్రహీం షెకరావ్ తన కూతురికి అందరి ముందూ చుక్కలు వేయించారు. అప్పటికే వైరస్ సరిహద్దులు దాటిపోయింది. సూడాన్‌కు, యెమెన్‌కు చేరింది. పదేళ్లుగా పోలియో ఎరగని ఇండోనేషియాలోనే 2005లో 300 మందికి పైగా పిల్లలు దాని బారినపడ్డారు. వైరస్ జన్యువులను పరిశీలిస్తే దాని మూలం నైజీరియాలో తేలింది.

కానోలో చుక్కలు మళ్లీ మొదలైనంత మాత్రాన నమ్మకం తిరిగిరాలేదు. దానికి ఏళ్లు పట్టింది. ఉత్తరాది ముస్లిం పెద్దలైన సొకోటో సుల్తాన్, ఎమిర్లు బాధ్యత నెత్తికెత్తుకున్నారు. వీధిలో అందరూ ఎరిగిన ఆడవాళ్లనే వేల సంఖ్యలో కార్యకర్తలుగా తీసుకున్నారు. పరాయి మగవాడు అడుగుపెట్టలేని లోగిళ్లలోకి వాళ్లు వెళ్లి, తల్లులతో సొంత భాషలో మాట్లాడారు. పోలియోతో కాళ్లు చచ్చుబడినవాళ్లు ఇంటింటికీ వచ్చి తమ కథ చెప్పారు. చుక్కలతోపాటు మామూలు జబ్బులకూ మందులిచ్చే శిబిరాలు వెలిశాయి. తల్లులడిగిన ప్రశ్నకు సరైన జవాబు అదే. మన ఉత్తరప్రదేశ్‌లోనూ ఇలాంటి అనుమానాలే ఎదురైనప్పుడు, మసీదు పెద్దలు, స్థానిక మహిళా కార్యకర్తలు కలిసే ఇళ్ల తలుపులు తీయించారు. భారత్‌లో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది.

చుక్కల పని కోసం కానో ప్రాణాలతో మూల్యం చెల్లించింది. 2013 ఫిబ్రవరిలో చుక్కలు వేసే మహిళలను సాయుధులు కాల్చిచంపారు. అయినా పని ఆగలేదు.

2020 ఆగస్టు 25న ఆఫ్రికా ప్రాంతం సహజ పోలియో వైరస్ నుంచి బయటపడిందని అధికారికంగా ప్రకటించారు. టీకాలు సరిగా అందని చోట్ల టీకా నుంచే రూపుమారిన వైరస్ ఆ తర్వాత కూడా ఉత్తర నైజీరియాలో బయటపడింది. అందుకే అక్కడ చుక్కల కార్యక్రమాన్ని ఆపలేదు.