ఇంట తయారైన దూరదర్శిని: దూరనియంత్రణ, ప్రదర్శన – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
స్వచ్ఛంద కార్యకర్తలు తాము తయారుచేసిన దూరనియంత్రిత దూరదర్శినిని సాంకేతిక సదస్సులో ప్రదర్శించడాన్ని కంప్యూటర్ యుగపు వింతగా మాత్రమే చూడడం చారిత్రకంగా సరికాదు. 1920లలో అమెరికాలో రూపుదిద్దుకొన్న ఔత్సాహిక తయారీ ఉద్యమానికి అది కొనసాగింపు. ఆ ఉద్యమ పరిణామాన్ని, తెలుగునాట వెలసిన రెండు ప్రైవేటు వేధశాలల అనుభవంతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: దూరదర్శిని, దూరనియంత్రణ, ఔత్సాహిక ఖగోళశాస్త్రం, వేధశాల, ప్రదర్శన.

1. ఉపోద్ఘాతం:
సదస్సులు సాధారణంగా పగటిపూట, పైకప్పు కింద జరుగుతాయి. అక్కడ ఉంచిన దూరదర్శిని ఏ నక్షత్రాన్నీ చూపలేదు. అయినా సందర్శకులను ఆకర్షించే విషయం అందులో ఉంది. అద్దం ఎలా తయారైంది, మోటారుకు ఆజ్ఞలు ఎక్కడి నుంచి వస్తాయి, ఈ పని ఇంట్లో చేయడం సాధ్యమేనా అన్నవి అటువంటి చోట సహజంగా తలెత్తే ప్రశ్నలు. అంటే అక్కడ ప్రదర్శితమయ్యేది ఆకాశం కాదు, తయారీ విద్య. ఈ భేదాన్ని గుర్తించినప్పుడే ప్రదర్శన చరిత్ర అర్థమవుతుంది.

2. స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి కాలిబాట వరకు:
అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ యంత్రపరికరాల తయారీకి పేరుపొందిన పట్టణం. ఆర్కిటిక్ యాత్రలలో పాల్గొన్న రస్సెల్ పోర్టర్ 1920లో అక్కడి కర్మాగార ఉద్యోగులకు దూరదర్శిని అద్దం తయారీ నేర్పడం ప్రారంభించారు. తొలి బృందంలో 15 మంది పురుషులు, ఒక మహిళ ఉన్నారు. 1923లో వారు సంఘంగా ఏర్పడి, కొండపై కట్టుకొన్న భవనానికి నక్షత్రాలయం అనే అర్థంలో ‘స్టెల్లాఫేన్’ అని పేరుపెట్టారు. 1925లో ఆల్బర్ట్ ఇంగాల్స్ ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో వీరి గురించి రాసిన వ్యాసం దేశవ్యాప్తంగా ఆసక్తిని రేకెత్తించింది. 1926 జూలైలో దాదాపు 20 మందితో అక్కడ తొలి సమావేశం జరిగింది. తాము చేసిన పరికరాన్ని వెంట తెచ్చి, తోటివారికి చూపి, లోపాలు చర్చించుకొనే ఆచారం ఆ సమావేశాలతో స్థిరపడింది.

ఆ విద్యలో రహస్యమేమీ లేదు. రెండు గాజుబిళ్లల మధ్య రాపిడిపొడి, నీరు వేసి ఒకదానిపై మరొకటి అరగదీస్తే పైబిళ్ల లోతు తేలుతుంది. తరువాత కీలు పూసిన పలకపై మెరుగుపెట్టాలి. ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో 1850ల చివర రూపొందించిన పరీక్షకు ఒక దీపం, ఒక కత్తి అంచు చాలు. మిల్లీమీటరులో పదివేలవ వంతుకన్నా చిన్న లోపం కూడా వాటితో బయటపడుతుంది. ఖరీదైన కొలతయంత్రం లేకుండానే ఇంతటి సూక్ష్మత సాధ్యం కావడం వల్లనే ఈ పని కార్మికుని ఇంటికి చేరగలిగింది. 1928లో పోర్టర్‌ను పాలొమార్ 200 అంగుళాల దూరదర్శిని రూపకల్పనకు పిలవడం ఔత్సాహికుల విద్యకు లభించిన గుర్తింపు.

1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపొందిన కాలిబాట ఖగోళవీక్షకుల బృందం ఈ ప్రదర్శనను సమావేశస్థలం దాటించింది. అందులో ప్రముఖుడైన జాన్ డాబ్సన్ చెక్కపలకలు, అట్టగొట్టం వంటి చవక వస్తువులతో పెద్ద దూరదర్శినులు చేసి వీధిలో దారినపోయేవారికి చంద్రుణ్ణి, గ్రహాలను చూపారు.

3. చేతి నుంచి ఆజ్ఞకు:
డాబ్సన్ పీఠం పైకి కిందికి, కుడికి ఎడమకు కదులుతుంది. భూభ్రమణం వల్ల నక్షత్రం జరిగిపోతున్నకొద్దీ రెండు దిశలలోనూ, మారుతుండే వేగాలతో దానిని కదపాలి. చేతికి ఇది అలవాటైన పనే. సాధారణ గడియారపు యంత్రానికి మాత్రం కష్టం. ఈ లెక్కను క్షణక్షణం చేయగల చవక కంప్యూటర్ వచ్చాక పరిస్థితి మారింది. 1993లో బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు యాంత్రిక దూరదర్శిని అంతర్జాలం ద్వారా వచ్చే కోరికలను స్వీకరించసాగింది. 1994లో రిచర్డ్ బెర్రీ బృందం ఎలక్ట్రానిక్ కెమెరాను ఇంట్లోనే తయారుచేసుకొనే విధానాన్ని పుస్తకంగా ప్రచురించింది. 2005లో ఆర్డ్యునో, 2012లో రాస్ప్‌బెర్రీ పై రావడంతో మోటారును నడిపే మెదడు కూడా ఔత్సాహికునికి అందుబాటులోకి వచ్చింది.

దూరనియంత్రణలో అసలు కష్టం నక్షత్రాన్ని గురిచూడడంలో లేదు. పక్కన మనిషి లేనప్పుడు వాన పడితే కప్పు మూయాలి. తిరిగే తీగలు చుట్టుకోకూడదు. విద్యుత్తు పోతే పరికరం తన స్థానాన్ని మరచిపోకూడదు. గతంలో కాపలామనిషి చేసిన ఈ పనులను సెన్సర్లకు, ప్రోగ్రాముకు ముందుగానే నేర్పాలి. కన్ను దూరమైనకొద్దీ తయారీదారుని బాధ్యత పెరిగిందే తప్ప తగ్గలేదు.

4. తెలుగునాట రెండు వేధశాలలు:
సొంత సొమ్ముతో ఆకాశాన్ని పరిశీలించిన చరిత్ర తెలుగునాట అంతకుముందే ఉంది. గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో విశాఖపట్నంలో వేధశాల నెలకొల్పారు. అనంతరం ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నిర్వహించి, 1874 నాటి శుక్రగ్రహ అంతర్యానాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన వేధశాల ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వానికి చేరి నిజామియా వేధశాలగా ప్రసిద్ధమైంది.

ఈ రెండింటి శాస్త్రీయ కృషి గౌరవించదగినది. అయితే ప్రధాన పరికరాలు బ్రిటన్, ఐర్లండ్ కర్మాగారాల నుంచి వచ్చినవి. ఒకచోట వేధశాల భవిష్యత్తు కుటుంబ వారసత్వంపై, మరొకచోట ప్రభుత్వ ఆదరణపై ఆధారపడింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పోర్టర్ వెళ్లిపోయిన తరువాత కూడా సంఘం నిలిచింది; ఎందుకంటే అక్కడ వారసత్వంగా మిగిలింది ఒక పరికరం కాదు, దానిని మళ్లీ చేయగల మనుషులు. సంపదలోని తేడా కంటే విద్య పంచబడిన తీరులోని తేడాయే ఇక్కడ కీలకం.

5. ముగింపు:
ఇంట చేసిన దూరనియంత్రిత దూరదర్శినిని సదస్సు బల్లపై ఉంచే స్వచ్ఛంద కార్యకర్త స్టెల్లాఫేన్ సంప్రదాయానికి వారసుడు. విప్పి చూపడం, అడిగినవారికి చెప్పడం, మరొకరిచేత చేయించడం – ఈ మూడూ జరిగినప్పుడే ఆ ప్రదర్శన సార్థకం. కొన్న పరికరాన్ని మూసిన పెట్టెగా చూపితే అది వినోదంగానే మిగులుతుంది.

భాషాపరిశోధకులకూ ఇందులో పని ఉంది. సానపట్టడం, అరగదీయడం, మెరుగుపెట్టడం వంటి క్రియలను తెలుగు వృత్తికారులు తరతరాలుగా వాడుతున్నారు. అద్దం తయారీని వివరించడానికి కొత్త పదాలను కృతకంగా కల్పించనవసరం లేదు. కళాశాలల్లో విజ్ఞానశాస్త్ర, తెలుగు శాఖలు కలిసి తయారీ విధానాలను ఈ పలుకుబడితో గ్రంథస్థం చేస్తే, ఒక తరం చేసిన దూరదర్శినిని తరువాతి తరం తెలుగులోనే చదువుకొని మళ్లీ చేయగలుగుతుంది.