బెర్గమో చాలెంజర్: రెండో అంచె టెన్నిస్‌లో ఒక ఊరి వాటా

2019 ఫిబ్రవరి 24న ఇటలీ ఉత్తరాన ఉన్న బెర్గమో పట్టణంలో, మామూలు రోజుల్లో వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఆడే ఇండోర్ స్టేడియంలో, పదిహేడేళ్ల కుర్రాడొకడు రొబెర్తో మార్కోరా అనే ఇరవై తొమ్మిదేళ్ల ఆటగాణ్ని 6-3, 6-1తో ఓడించి టైటిల్ గెలిచాడు. టోర్నీలో అడుగుపెట్టినప్పుడు ఆ కుర్రాడి ప్రపంచ ర్యాంకు 546. పేరు యానిక్ సిన్నర్. ఆ తర్వాత అయిదేళ్లు దాటాక, 2024 జూన్ 10న, అతను ప్రపంచ నంబర్‌వన్ అయ్యాడు. బెర్గమో టోర్నీ ప్రస్తావన వస్తే చాలు, ఎవరైనా ఈ కథే చెబుతారు: మహా ప్రతిభావంతుడు తొలిసారి వెలుగులోకి వచ్చిన చోటు అని. అందులో అబద్ధం లేదు. అయితే ఆ చెప్పే తీరులో ఊరు, హాలు, టోర్నీ మూడూ వెనక తెరలా మిగిలిపోతాయి, ఆటగాడొక్కడే ముందుంటాడు. నా వాదన వేరు. రెండో అంచె టెన్నిస్ చరిత్రలో టోర్నీ నిర్వహించిన ఊరిని కూడా కారణంగానే లెక్కగట్టాలి. ఎవరికి తలుపు తెరవాలో, ఎప్పుడు తెరవాలో తేల్చుకునే అధికారం అలాంటి ఊళ్ల చేతుల్లో ఉంది. దాన్ని వాళ్లు ఎలా వాడారన్నదే అసలు చరిత్ర.

చాలెంజర్ అంచె 1978లో మొదలైంది. ఆ ఏడాది ప్రపంచం మొత్తం మీద జరిగినవి 18 టోర్నీలే. ఇప్పుడవి ఏటా రెండు వందల దరిదాపుల్లో ఉన్నాయి. గ్రాండ్‌స్లామ్‌లు, పురుషుల వృత్తి టెన్నిస్ సంస్థ ఏటీపీ ప్రధాన టూర్ టోర్నీలు పైన ఉంటే, అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) నడిపే చిన్న టోర్నీలు అడుగున ఉంటాయి. మధ్యలోది చాలెంజర్. వంద నుంచి మూడు వందల ర్యాంకు దాకా ఉన్నవాళ్లకు ఇదే ఉద్యోగం. బెర్గమో టోర్నీ 2006లో ఈ వరసలో చేరింది. దానికి చాలాకాలం నిలిచిన పేరు 'ట్రోఫెయో ఫాయిప్-పెర్రెల్', అంటే స్పాన్సర్ కంపెనీల పేర్లే టోర్నీ పేరు. 2019లో మొత్తం ప్రైజ్‌మనీ 46,600 యూరోలు. అదే ఏడాది అమెరికన్ ఓపెన్ సింగిల్స్ తొలి రౌండ్‌లోనే ఓడి ఇంటిదారి పట్టినవాడికి దక్కింది 58,000 డాలర్లు. ఆనాటి మారకం రేటు ప్రకారం బెర్గమోలో ఆడిన అందరికీ కలిపి పంచిన డబ్బు, అక్కడ ఒకే ఒక్క మ్యాచ్ ఓడిన మనిషికి వచ్చినదానికంటే తక్కువ. విజేతగా సిన్నర్ అందుకున్నది ఆరు వేల యూరోల పైచిలుకు. ఈ అంకెల మధ్య దూరం గుర్తుంటేనే, అలాంటి టోర్నీని ఏటా నిలబెట్టడానికి ఒక పట్టణం పడే పాటు ఎంతటిదో తెలుస్తుంది. టీవీ హక్కుల డబ్బుతో నడిచే వ్యవహారం కాదిది. స్పాన్సర్ల పూచీ, ఊరి స్టేడియం, ఆ చుట్టుపక్కల టెన్నిస్ క్లబ్బుల మనుషులు, ఇవే దాని ఆధారం.

ఇక అసలు సంగతి, 2019 నాటి నిబంధనలు. ఆ జనవరి నుంచి అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య అడుగు అంచెను పూర్తిగా మార్చేసింది. 15,000 డాలర్ల టోర్నీల్లో ఏటీపీ ర్యాంకింగ్ పాయింట్లు ఎత్తేశారు. 25,000 డాలర్ల వాటిలో చివరి రౌండ్ల దాకా వెళ్లినవాళ్లకే కొద్ది పాయింట్లు మిగిలాయి. వృత్తి టెన్నిస్‌తో బతకలేని వందలమందిని ముందే వేరుచేయాలన్నది వాళ్ల ఉద్దేశం. సరిగ్గా అప్పుడే చాలెంజర్లలో మెయిన్ డ్రాను 32 నుంచి 48 మందికి పెంచి, క్వాలిఫయింగ్‌ను నలుగురికి కుదించారు. అంటే అయిదొందల ర్యాంకులో ఉన్న కుర్రాడికి రెండు వైపులా దారి ఇరుకైంది. కింద గెలిచినా పాయింట్లు రావు. పై అంచెకు క్వాలిఫయింగ్ ఆడి ఎక్కుదామన్నా చోటు లేదు. ఆటగాళ్ల నుంచి నిరసన ఎంతగా వచ్చిందంటే ఆ ఆగస్టులోనే పాయింట్లను వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. కానీ ఫిబ్రవరిలో ఆ ఇరుకు ఇరుకుగానే ఉంది. సిన్నర్ బెర్గమో మెయిన్ డ్రాలోకి వచ్చింది వైల్డ్ కార్డుతో. నిర్వాహకులు తమ విచక్షణతో ఇచ్చిన చోటది. నిబంధనలు రాసినవాళ్లు మూసిన దారిని ఒక పట్టణంలో టోర్నీ నడిపేవాళ్లు ఒక్క కుర్రాడి కోసమైనా తెరిచారు. ఆ వారంలోనే అతని ర్యాంకు రెండొందల మెట్లకు పైగా ఎగబాకింది. ఏడాది చివరికి 78.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది: బెర్గమో లేకపోయినా సిన్నర్ సిన్నరే అయ్యేవాడు కదా? అయ్యేవాడేమో. అంతటి ఆట ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు. కానీ ఈ మాట ఒప్పుకున్నంత మాత్రాన నా వాదన పోదు. సిన్నర్ ఒంటరిగా ఊడిపడిన వింత కాదు. అతనిది ఇటలీ ఉత్తరపు కొసన, ఆస్ట్రియా సరిహద్దులోని పర్వత ప్రాంతం. చిన్నతనంలో స్కీయింగ్‌లో దేశస్థాయి పతకాలు గెలిచినవాడు. అదే ప్రాంతం నుంచి అంతకుముందు పైకి వచ్చిన ఆంద్రెయాస్ సెప్పి 2011లో ఇదే బెర్గమో టైటిల్ గెలిచాడు. సెప్పి కోచ్ మాసిమో సార్తోరి కంట సిన్నర్ పడ్డాడు; ఆయన ద్వారానే పదమూడేళ్ల వయసులో బోర్దిగేరాలోని రికార్దో పియాత్తి అకాడమీకి చేరాడు. సిన్నర్‌కు ఏడాది ముందు, 2018లో, బెర్గమో విజేత మాతేయో బెరెత్తీని. ఆ జులైలోనే అతను స్విట్జర్లాండ్‌లోని గ్‌స్టాడ్‌లో తొలి ఏటీపీ టైటిల్ గెలిచాడు, 2019లో అమెరికన్ ఓపెన్ సెమీఫైనల్, 2021లో వింబుల్డన్ ఫైనల్ ఆడాడు. ఒక్కణ్ని అదృష్టం అనుకోవచ్చు. ఒకే హాలు నుంచి వెంట వెంటనే ఇద్దరు పైకి వస్తే ఆ హాలును కూడా చూడాలి. చాలెంజర్లు విరివిగా జరిగే దేశాల్లో ఇటలీ ముందు వరసలో ఉంది. ఇటాలియన్ కుర్రాడు విమానం ఎక్కకుండా, రైల్లో వెళ్లి, ఇంటి భోజనానికి ఎక్కువ దూరం కాకుండా ఏడాదిలో చాలా వారాలు ఆడుకోగలడు. 2023, 2024 డేవిస్ కప్పులు ఇటలీకి రావడానికి ముందు ఈ ఊళ్ల పని ఏళ్ల తరబడి నడిచింది.

బెర్గమోది ఇండోర్ టోర్నీ కావడం కూడా నా లెక్కలో చిన్న విషయం కాదు. అప్పట్లో టోర్నీ జరిగిన ఫిబ్రవరిలో, బెర్గమో ఉన్న లొంబార్దీ ప్రాంతపు మైదానాల మీద చలి, పొగమంచు. ఇటలీకి పేరు తెచ్చిన ఎర్రమట్టి కోర్టుల మీద అప్పుడు ఆడలేరు. అందుకే స్టేడియం నేల మీద హార్డ్ కోర్టు వేస్తారు. కప్పు కింద ఆట ఎలా మారుతుందో దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. సర్వీసుకు బంతిని ఎగరేసి తల ఎత్తితే కళ్లలో ఎండ పడదు. ఎగరేసిన బంతి గాలికి పక్కకు జరగదు, ఏ చోట అనుకుంటే ఆ చోటే దొరుకుతుంది. బౌన్స్ కిందుగా, ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. బంతి రాకెట్ మధ్యలో తగిలిందా, అంచున తగిలిందా అన్నది గోడల మధ్య మోగే చప్పుడే చెప్పేస్తుంది. ఆరుబయట అనుభవమున్న ఆటగాడు గాలిని వాడుకుంటాడు, ఎదుటివాడి ముఖాన ఎండ పడే వైపు చూసి లాబ్ వేస్తాడు, మట్టి మీదైతే మూడు గంటలు సాగదీసి కుర్రకాళ్లను అలసగొడతాడు. హాల్లో ఈ ఎత్తులు చాలావరకు పనిచేయవు. బంతిని ఎంత ముందుగా, ఎంత శుభ్రంగా కొట్టగలవన్నదే మిగులుతుంది. అందుకే పదిహేడేళ్లవాడు ఇరవై తొమ్మిదేళ్లవాడితో అక్కడ సమానంగా నిలబడగలడు. సిన్నర్ తర్వాతి అడుగులు చూడండి: 2019 నవంబరులో మిలాన్‌లో నెక్స్ట్ జెన్ ఫైనల్స్, ఆ మరుసటి వారమే ఓర్తిజేయి చాలెంజర్, 2020 నవంబరులో సోఫియాలో తొలి ఏటీపీ టైటిల్. మూడూ కప్పు కిందే. పై అంచె టోర్నీలు 2009 నాటికే కార్పెట్ కోర్టుల్ని వదిలేసినా, జర్మనీలోని ఎకెన్‌టాల్, ఇస్మానింగ్ లాంటి చాలెంజర్లు ఆ కార్పెట్ ఆటను ఆ తర్వాత కూడా కాపాడుకుంటూ వచ్చాయి. పైవాళ్లు వద్దనుకున్నది కింది ఊళ్లలో బతకడం ఈ అంచె చరిత్రలో పదేపదే కనిపిస్తుంది.

గట్టి అభ్యంతరం మరొకటి. గెలిచినవాళ్లలోంచి తర్వాత గొప్పవాళ్లయిన ఒకరిద్దర్ని ఏరి టోర్నీ ఘనత చెప్పుకోవడం ఎంతవరకు న్యాయం? మిగతా విజేతల్లో చాలామంది పేర్లు టెన్నిస్ అభిమానులు కూడా గుర్తుపట్టరు కదా. నిజమే. ఆ మిగతావాళ్ల కోసం కూడా టోర్నీ ఉందన్నదే నా జవాబు. 2017 విజేత యెర్జీ యానోవిచ్‌ను తీసుకోండి. పోలండ్‌కు చెందిన ఆ ఆరున్నర అడుగుల మనిషి 2012లో ప్యారిస్ మాస్టర్స్ ఫైనల్, 2013లో వింబుల్డన్ సెమీఫైనల్ ఆడినవాడు. గాయాలతో ర్యాంకు జారిపోయాక తిరిగి లేవడానికి బెర్గమోకు వచ్చాడు. ఎదిగేవాళ్లకూ, పడి లేచేవాళ్లకూ చోటు ఇదే. ఇక మార్కోరా సంగతి. ఫైనల్లో ఓడిన అతను ఏడాది తిరిగేలోపు 150వ ర్యాంకు దాకా వెళ్లాడు, అదే అతని జీవితంలో అత్యుత్తమం. ముప్ఫై ఏళ్ల వయసులో అక్కడికి చేరడానికి ఇలాంటి హాళ్లలో ఎన్ని వారాలు ఆడి ఉంటాడు! సిన్నర్ బెర్గమోలో గడిపింది ఒక్క వారం. ఈ అంచెను ఏడాది పొడవునా నిలబెట్టేది మార్కోరా లాంటివాళ్లు. వాళ్ల పేర్లు చరిత్రలో రాయకపోతే ఆ చరిత్ర సగమే.

2020 టోర్నీ ఫిబ్రవరి 17న మొదలైంది. ఆ బుధవారం, 19న, ఊరి ఫుట్‌బాల్ జట్టు అటలాంటా మిలాన్‌లో వలెన్సియాతో చాంపియన్స్ లీగ్ మ్యాచ్ ఆడితే బెర్గమో ప్రాంతం నుంచి వేలకువేలు తరలివెళ్లారు. 21న అదే లొంబార్దీలో కొదోన్యో పట్టణంలో స్థానికంగా సోకిన తొలి కోవిడ్ కేసు తేలింది. 23న ఆదివారం ఎంజో కువాకో, ఇల్యా మార్చెంకోల మధ్య జరగాల్సిన ఫైనల్ జరగనేలేదు. ఆ ఏటి సింగిల్స్ విజేత పేరు ఖాళీగా ఉండిపోయింది. పెద్ద టెన్నిస్ ఇంకా నడుస్తూనే ఉంది. అమెరికాలో ఇండియన్ వెల్స్ టోర్నీని ఆపింది మార్చి 8న. మార్చి 18 రాత్రి బెర్గమో శ్మశానంలో చోటు చాలక సైనిక ట్రక్కులు శవపేటికల్ని వేరే ఊళ్లకు మోసుకెళ్లాయి. ఊళ్లో భాగమైన టోర్నీకి ఊరి కష్టం ముందే తగులుతుంది. పై అంచె టోర్నీలకు రెండు వారాల తర్వాత అందిన వార్త ఈ హాలుకు ఇంటి వార్త. అంత జరిగాక 2021 నవంబరులో ఆ టోర్నీని మళ్లీ జరిపారు. చనిపోయినవాళ్ల లెక్క ఇంకా గుండెల్లో ఉన్న పట్టణం కోర్టు పరిచి ఆటగాళ్లను పిలవడం నాకు ఏ ట్రోఫీ కంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది.

ఆ నవంబరులో గెలిచింది డెన్మార్క్ కుర్రాడు హోల్గర్ రూన్, వయసు పద్దెనిమిది. ఆ ఏడాది అతను గెలిచిన నాలుగు చాలెంజర్లలో మూడు ఇటలీవే: బియెల్లా, వెరోనా, బెర్గమో. నాలుగోది చుట్టూ ఇటలీయే ఉన్న బుల్లి దేశం సాన్ మరీనోలో. సరిగ్గా ఏడాదికి, 2022 నవంబరులో, ప్యారిస్ మాస్టర్స్ ఇండోర్ ఫైనల్లో జొకోవిచ్‌ను ఓడించాడు. ఈ ఊళ్లు తమ పిల్లల్ని మాత్రమే ఎత్తుకుంటాయన్న ఆరోపణకు రూన్ ఒక సమాధానం. పూర్తి సమాధానం మాత్రం కాదు, ఎందుకంటే వైల్డ్ కార్డులో అన్యాయం ఉంది. టోర్నీలు ఉన్న దేశం తన పిల్లలకు ఇస్తుంది. లేని దేశం పిల్లలు ఖర్చు పెట్టుకుని దేశాలు తిరుగుతారు. 2023 సెప్టెంబరులో భారత నంబర్‌వన్ సుమిత్ నాగల్ తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే ఉన్నాయని చెప్పాడు. అయితే ఆ నాగల్‌ను 2024 ఫిబ్రవరిలో తొలి వంద మందిలోకి చేర్చింది కూడా ఒక చాలెంజరే, మన చెన్నైలో జరిగినది. ఫైనల్లో అతను ఓడించింది లూకా నార్దీ అనే ఇటాలియన్‌ను. హైదరాబాద్‌కు ఇలాంటి రోజొకటి అంతకుముందే దక్కింది. 2005 ఫిబ్రవరిలో పద్దెనిమిదేళ్ల సానియా మీర్జా మహిళల టూర్ అయిన డబ్ల్యూటీఏలో సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు అయింది తన సొంత ఊళ్లోనే, ఆ టూర్ కింది శ్రేణి టోర్నీలో. 2003లో మొదలైన ఆ టోర్నీ 2006లో బెంగళూరుకు తరలిపోయింది, 2008 తర్వాత అక్కడా ఆగింది. వైల్డ్ కార్డు అన్యాయానికి విరుగుడు ఇటలీ ఊళ్ల దగ్గర ఉన్నవాటిని తగ్గించడం కాదు, మన ఊళ్లకు అలాంటివి సంపాదించి ఏటా నిలబెట్టుకోవడం. దానికి కావలసింది పెద్ద స్టేడియం కాదని బెర్గమో చూపించింది. వాలీబాల్ హాలు, ఏటా మొహం చాటేయని ఒకటి రెండు కంపెనీలు, ఒక కుర్రాడి ఆట చూసి ఆ ఒక్క చోటు అతనికే ఇవ్వాలని తేల్చుకోగల మనుషులు ఉంటే చాలు.